ఓడినవాడు కప్పులు కడగాలి

మెర్ల్ టిషెన్‌డార్ఫ్ ఇంటి బేస్‌మెంట్‌లో ఒకటే చట్టం ఉండేది. ఆట నడిపేవాడు చెప్పింది తప్పని ఎవరికైనా అనిపిస్తే అరచేత్తో బల్ల మీద చరిచి "పుస్తకం!" అనాలి. అన్నాక వెనక్కి తీసుకోవడం లేదు. ఆట ఆగిపోతుంది. రూల్స్ పుస్తకం తెరిచి ఆ వాక్యం పైకి చదువుతారు. చరిచినవాడిది తప్పయితే వాడు, నడిపేవాడిది తప్పయితే అతను, బల్ల మీది కాఫీ కప్పులన్నీ ఎత్తుకుని మెట్లెక్కి పైన వంటింట్లో కడుక్కు రావాలి. ఒంటరిగా. తువ్వాలు అందించడానికి కూడా ఇంకొకరు లేవకూడదు.

పనికిమాలిన చట్టమే. కానీ అమెరికాలోని విస్కాన్సిన్‌లో, మిషిగన్ సరస్సు ఒడ్డున, చలికాలమంతా మంచు ఎత్తిపోసుకోవడం తప్ప మరో పని లేని ఊళ్ళో, నలుగురు మనుషులు ఇరవై ఏళ్ళకు పైగా ప్రతి శనివారం మధ్యాహ్నం ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారంటే దానికి కారణం ఆ చట్టమే. ఆటలు మనుషుల్ని కలుపుతాయని తియ్యతియ్యగా రాస్తుంటారు కొందరు. ఊళ్ళో ప్రతి శుక్రవారం జరిగే చేపల వేపుడు విందు కూడా కలుపుతుంది. చేతులు తుడుచుకోగానే ఎవడి దారి వాడిది. మెర్ల్ బల్ల దగ్గర వాళ్ళని కట్టి ఉంచింది ప్రేమ కాదు, తగువు.

ఆట పేరు బూడిదకోట. గళ్ళ పలక లేదు, గెలుపు లేదు. ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర: కత్తివీరుడు, దొంగ, మంత్రగాడు. "తలుపు తీస్తున్నా" అంటాడొకడు. "తీస్తే లోపల ఏముందంటే" అంటాడు నడిపేవాడు. తలుపు తెరుచుకుందా లేదా, దెబ్బ తగిలిందా లేదా పాచికలు చెప్తాయి. పాచికల అర్థం పుస్తకం చెప్తుంది. పుస్తకం అర్థం మాత్రం అరుచుకుని తేల్చుకోవాలి.

అరవడంలో డెన్నీ వొయ్టాని మించినవాడు లేడు. పాల ట్యాంకరు నడుపుతాడు. ఆవులతో మాట్లాడీ మాట్లాడీ గొంతు పెరిగిపోయిందని అతని మాట. రోండా కుబిచెక్ స్కూలు బస్సు నడుపుతుంది, ఆవిడ అరవదు, అద్దంలోంచి వెనక సీటు పిల్లల్ని చూసినట్టు చూస్తుంది. కర్టిస్ హైస్కూల్లో చరిత్ర చెప్తాడు. అందరికన్నా ఆలస్యంగా చేరాడు గనక జుట్టు పలచబడినా ఆ బల్ల దగ్గర ఇంకా కుర్రాడే.

మెర్ల్ గిన్నెల ఫ్యాక్టరీలో అచ్చులు చెక్కేవాడు. ఒక చలికాలం ఫ్యాక్టరీ అతన్నీ మరికొందర్నీ ఇంట్లో కూర్చోబెట్టింది. చర్చి పాతసామాన్ల అమ్మకంలో అతనికి ఒక చిరిగిన అట్టపెట్టె దొరికింది. లోపలి పుస్తకం నిండా పట్టికలు. ఏదో యంత్రం తాలూకు మాన్యువల్ అనుకుని కొన్నాడు. రెండు రోజులు చదివాక అది దెయ్యాలనీ గుహల్నీ నడిపే యంత్రమని తెలిసింది. అయినా మాన్యువలే కదా, మెర్ల్‌కి నచ్చింది. అది సైతానుతో బేరం పెట్టే ఆట అని టీవీలో ఊదరగొడుతున్న రోజులవి. పాస్టరు ఒక శనివారం చూడ్డానికి వచ్చాడు. డెన్నీ, మెర్ల్ ఒక తాడు తడిస్తే ఎంత బరువు పెరుగుతుందన్నదాని మీద చొక్కాలు పట్టుకునేదాకా వెళ్ళడం కాసేపు చూశాడు. సైతాను ఇంత విసుగు భరించలేడని తేల్చుకుని, సాసేజ్ పెట్టిన రొట్టె ఒకటి తిని వెళ్ళిపోయాడు.

మెర్ల్ పాచికలు దాచి వేసేవాడు కాదు. చాలామంది నడిపేవాళ్ళు ముందు అట్ట అడ్డం పెట్టుకుని దాని వెనక వేస్తారు. పడింది ఒకటి, చెప్పేది ఒకటి. చచ్చేవాణ్ణి బతికిస్తారు, అదేదో దయ అనుకుంటారు. మెర్ల్ దృష్టిలో అది కొలబద్ద మీద అంకెలు చెరిపి రాయడం.

డెన్నీ తండ్రిని పూడ్చిపెట్టిన వారం కూడా ఆట ఆగలేదు. ఆ శనివారం డెన్నీ కత్తివీరుడి మీద సాలీడు దూకింది. పాచిక బల్ల నడిమధ్యన పడింది. అందరూ చూశారు. ప్రాణం సున్నాకి వచ్చింది. వాళ్ళ పుస్తకంలో సున్నా అంటే చావు, ఇంకో మాట లేదు.

"చచ్చాడు" అన్నాడు మెర్ల్.

"ఈ వారం కూడానా?" అంది రోండా.

"సాలీడుకి వారాలు తెలీవు."

డెన్నీ ఆ పాత్ర వివరాలు రాసుకున్న కాయితం చింపి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇక రాడనుకున్నారు. మరుసటి శనివారం అందరికన్నా ముందొచ్చి కూర్చున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత, నాలుగు బ్రాందీలు దిగాక, మెర్ల్ భుజం మీద చెయ్యేసి అన్నాడు: "ఆ వారమంతా ఊరు ఊరంతా నన్ను గుడ్డుని పట్టుకున్నట్టు పట్టుకుందిరా. కొట్టువాడు పాత బాకీ అడగలేదు. మా ఆవిడ తిట్టలేదు. నేనూ చచ్చిపోయానేమో అనిపించింది. నువ్వొక్కడివే నన్ను చంపావు."

మెర్ల్‌కి ఆ మాట అర్థమవడానికి కారణం వాళ్ళమ్మ. చివర్లో ఆవిడకి మతి తప్పింది. వృద్ధుల ఆసుపత్రిలో కిటికీ పక్కన కూర్చుని నడివేసవిలో "మంచు పడుతోంది" అనేది. "అవునమ్మా, పడుతోంది" అనేవాళ్ళు నర్సులు. "మీ నాన్న ఇప్పుడే వచ్చి వెళ్ళాడు" అనేది. "అవునా, మంచిది" అనేవాడు పాస్టరు. ఆవిడతో తగువు పెట్టుకున్నవాడు మెర్ల్ ఒక్కడే: "నాన్న పోయి పదేళ్ళయిందమ్మా, ఎక్కణ్ణుంచొస్తాడు?" ఆవిడ కోపంతో చెయ్యెత్తేది. ఆ చెయ్యెత్తిన క్షణంలో మాత్రం ఆవిడ పూర్తిగా అమ్మలాగే ఉండేది.

"అవునవునంటూనే ఆవిణ్ణి చంపేశారు" అనేవాడు భార్య వెర్నాతో. "నాకా గతి పడితే మాత్రం, నేను తప్పు చెప్తే తప్పని చెప్పు."

ఆ గతి పట్టింది. గిన్నెల ఫ్యాక్టరీ పూర్తిగా మూతపడ్డ తర్వాత, ఒక అక్టోబరు సాయంత్రం, సొంత వీధి మలుపు దగ్గర కారు ఆపి ఎటు తిరగాలో తెలియక కూర్చుండిపోయాడు. గ్రీన్ బే పట్నంలో డాక్టరు బొమ్మలు చూపించి పేర్లడిగింది, గడియారం గీయమంది. గడియారంలో అంకెలన్నీ ఒక పక్కకే చేరాయి. జీవితమంతా వెంట్రుకవాసి తేడా లేకుండా ఉక్కు చెక్కినవాడు ఆ కాయితం చూసుకుని, "ఇది నేను గీసిందేనా?" అని అడిగాడు. కొత్తవి నిలవవనీ, పాతవి ఇంకా కొన్నాళ్ళుంటాయనీ, అవీ ఒక్కొక్కటే పోతాయనీ ఆవిడ చెప్పింది. ఆవిడ కూడా చాలా దయగానే చెప్పింది.

తిరుగు దారిలో వెర్నా కారు నడిపింది. "శనివారం వాళ్ళకి చెప్పకు" అన్నాడు మెర్ల్.

"తెలియకుండా ఉంటుందా?"

"రూల్స్ పుస్తకం నాకు నోటికొచ్చు. అదున్నంతవరకూ తెలీదు. తెలిసిన రోజున నాతో ఎవడూ పోట్లాడడు."

అప్పట్నుంచి రోజూ గడ్డం గీసుకుంటూ దొంగ తాళం తీసే పట్టిక పైనుంచి కిందికి అప్పజెప్పుకునేవాడు. తలుపవతల వెర్నా బట్టలు మడతపెడుతూ వినేది. ఆవిడకి ఆ ఆట అంటే పరమ చిరాకు. అయినా వినీ వినీ ఆ పట్టిక ఆవిడకీ వచ్చేసింది. మధ్యలో ఒక అంకె తడబడితే బట్ట చేతిలో ఆగిపోయేది.

ఆ చలికాలంలోనే కర్టిస్ సంచీలోంచి కొత్త పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. నిగనిగలాడే అట్ట. మూడో ఎడిషన్.

డెన్నీ చేత్తో తూచాడు. "దీంతో నెత్తి మీద ఒక్కటిస్తే రాక్షసుడు పాచికలు లేకుండానే చస్తాడు."

"నవ్వు తర్వాత. విను" అన్నాడు కర్టిస్. "పాతదాంట్లో తలుపవతల చప్పుడు వినాలంటే ఆరు ముఖాల పాచిక, తక్కువ పడాలి. కత్తి తగలాలంటే ఇరవై ముఖాలది, ఎక్కువ పడాలి. తాళం తీయాలంటే నూటికింతని, మళ్ళీ తక్కువ పడాలి. ఎందుకలా? రాసినవాళ్ళకే తెలీదు. కొత్తదాంట్లో దేనికైనా ఇరవై ముఖాలదే. వెయ్యి, నీ బలం కలుపు, ఎక్కువొస్తే గెలిచావు. కొత్తవాడికి పావుగంటలో నేర్పొచ్చు."

"కొత్తవాడెవడూ రావట్లేదుగా ఇక్కడికి" అన్నాడు మెర్ల్.

"నేనున్నా" అంది రోండా. "ఇన్నేళ్ళయింది, ఇప్పటికీ తాళం తీయాలంటే ఏ పాచికో నిన్నడగాలి."

"అడుగు. చెప్తాగా."

"అదే నా ఏడుపు, మెర్ల్. ప్రతిసారీ నిన్నడగాలి."

మెర్ల్ కొత్త పుస్తకాన్ని ముట్టుకోలేదు. "చావు సంగతేంటి?"

"సున్నాకి వస్తే వెంటనే చావడు. పడిపోతాడు, అంతే. పాచిక వేస్తాడు. పది దాటితే బతికాడు."

"అంటే చచ్చాక ఇంకో ఛాన్సు."

"మరి ఆసుపత్రులు ఎందుకున్నాయనుకున్నావ్?" అన్నాడు డెన్నీ.

మెర్ల్ చేతులు కట్టుకున్నాడు. "షీప్స్‌హెడ్ పేకాట మా తాత ఆడాడు, మా నాన్న ఆడాడు. ఇప్పటికీ అవే ముక్కలు, అదే ఆట. దానికి మూడో ఎడిషన్ వచ్చిందా?"

"రాకేం? మీ ఇంట్లో ఆసు పేరు పిలిచి భాగస్వామిని కట్టుకుంటారు. మా అమ్మ ఇంట్లో డైమన్ జాకీ ఎవడి దగ్గరుంటే వాడే భాగస్వామి. ఆవిడ మీ ఇంట్లో ఆడి ముక్కలు నీ మొహాన కొట్టి పోలేదూ? ప్రతి వంటింటికీ ఒక ఎడిషన్, గురూ" అన్నాడు డెన్నీ.

అందరూ నవ్వారు. మెర్ల్ కూడా నవ్వాడు, కానీ వదల్లేదు. "పాతది వంకరటింకరగా ఉందంటారు. ఒప్పుకుంటా. కానీ ఎక్కడెక్కడ వంకరుందో మనకి తెలుసు. ఒక్కో లైను మీద కొట్టుకుని తెలుసుకున్నాం. దాన్ని పారేస్తే వచ్చే శనివారం ఈ బల్ల దగ్గర నలుగురు కొత్తవాళ్ళు కూర్చుంటారు."

మంచి వాదనే. కాకపోతే సబబు కర్టిస్ వైపుంది. రూల్స్ మారాలి. ఎప్పటికీ మారని రూలు దేవుడిదైనా అయ్యుండాలి, సోమరిదైనా అయ్యుండాలి. పాత పుస్తకంలో సగం పట్టికలు ఎవడో తోచినప్పుడు గిలికినవి. ఏళ్ళు గడిచి వాటికి గడ్డం మొలిచింది గనక పెద్దమనుషులైపోయాయి. ఆ సంగతి అచ్చులు చెక్కిన మెర్ల్‌కి తెలియనిది కాదు. అరిగిన అచ్చుని వెనకేసుకొచ్చే రకం కాదతను. పాతికేళ్ళ వయసులో ఐతే కర్టిస్ కన్నా ముందు తనే కొత్తది తెచ్చేవాడు. ఇప్పుడతను కాపాడుకుంటున్నది రూల్స్‌ని కాదు.

"వచ్చే వారం తేలుద్దాం. నువ్వోసారి చదువు" అని కర్టిస్ పుస్తకం అక్కడే వదిలి వెళ్ళాడు.

మెర్ల్ చదివాడు. వారమంతా పొద్దున్నే వంటింటి బల్ల దగ్గర కూర్చుని, పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ, స్కూలు పిల్లాడిలా పెదవులు కదుపుతూ. తెల్లారి మళ్ళీ తెరిస్తే గీతలు మాత్రం తనవి. గీతల మీది మాటలు ఎన్నడూ చూడనివి. లోకానికి అది మూడో ఎడిషన్. మెర్ల్‌కి ప్రతి పొద్దునా ఇంకో కొత్త ఎడిషన్ వచ్చేది. గురువారం అతను పుస్తకాన్ని చెత్తబుట్టలో వేయడం వెర్నా చూసింది. తీసి, అంటుకున్న కాఫీ పిప్పి తుడిచి, మళ్ళీ బల్ల మీద పెట్టింది.

శుక్రవారం చేపల వేపుడు విందుకి వెళ్ళినప్పుడు మెర్ల్ అక్కడి బార్‌లో నిలబడి ఒకడికి ఓ జోకు చెప్పి, కాసేపయ్యాక వాడికే మళ్ళీ అదే చెప్పాడు. వాడు రెండోసారీ నవ్వాడు. ఆ రెండో నవ్వు చూసి వెర్నా తట్టుకోలేకపోయింది. కోట్లు తగిలించే మూలకి రోండాని తీసుకెళ్ళి అంతా చెప్పేసింది.

"అతనికి తెలియనివ్వకు. నన్ను క్షమించడు."

రోండా ఆ మాట నిలబెట్టుకుంది. మిగతా ఇద్దరికి మాత్రం చెప్పింది.

శనివారం మెర్ల్ యుద్ధానికి సిద్ధమై కూర్చున్నాడు. కర్టిస్ కోటు విప్పుతూనే, "ఆలోచించా. పాతదే నయం" అన్నాడు.

"ఏ విషయంలో?"

"అన్నిట్లోనూ."

"అన్నిట్లోనూ ఎలా నయమవుతుందయ్యా? చప్పుడు వినే పాచిక దండగ అని నువ్వేగా అన్నావ్?"

"పొరపాటు పడ్డా."

మెర్ల్ డెన్నీ వైపు చూశాడు. డెన్నీ పాచికలు తుడుచుకుంటున్నాడు. "సరే" అన్నాడు మెర్ల్. గెలిచాడు. గెలుపు చప్పగా ఉంది, ఉప్పు వేయడం మరిచిన సూపులా.

ఇక్కణ్ణుంచి జరిగినదానికి ఊళ్ళో అందరూ వాళ్ళ ముగ్గుర్నీ మెచ్చుకుంటారు. మెచ్చుకోదగ్గదేమీ లేదు అందులో. వసంతానికల్లా పాత పుస్తకం కూడా మెర్ల్ తలలో పెచ్చులూడటం మొదలైంది. తాళానికి ఆరు ముఖాల పాచిక వేయమన్నాడు. రోండా వేసింది. ఒక వారం విషం తగిలితే చావన్నాడు, మరుసటి వారం జలుబన్నాడు. సరేనన్నారు. నిద్రమంత్రం ఒక రాక్షసుడి మీద పనిచేసింది, వాడి తమ్ముడి మీద పనిచేయలేదు. కర్టిస్ "బావుంది" అన్నాడు. డెన్నీ బల్ల కింద మోకాలు గట్టిగా పట్టుకుని కూర్చునేవాడు; ట్యాంకరెక్కాక సరస్సు రోడ్డు మీద ఒంటరిగా బూతులు తిట్టుకునేవాడు.

రూల్స్ మారకూడదని పంతం పట్టినవాడి బల్ల మీద ఇప్పుడు ప్రతి శనివారం ఒక కొత్త ఆట. ఆ విషయం అతనికొక్కడికే తెలీదు. ముగ్గురూ అట్ట అడ్డం పెట్టుకుని పాచికలు వేస్తున్నారు. ఆ అట్ట వాళ్ళ మొహాలే.

జూన్‌లో ఒక మధ్యాహ్నం, కిటికీ తెరిచి ఉంది, పక్కింటివాళ్ళు గడ్డి కోస్తున్నారు. డెన్నీ పాత్ర ఇప్పుడొక ముసలి గొడ్డలివీరుడు. సాలీడు చేతిలో కత్తివీరుడు పోయాక పుట్టినవాడు, ఆ బల్ల మీద అందరికన్నా ఎక్కువ కాలం బతికినవాడు. వంతెన మీద దెబ్బ తగిలింది. పాచిక నడిమధ్యన పడింది. డెన్నీ కూడుకున్నాడు.

"సున్నా" అన్నాడు.

మెర్ల్ తలూపాడు. "పడిపోయాడు. పాచిక వెయ్యి. పది దాటితే బతికినట్టు."

కర్టిస్ తల ఎత్తాడు. ఆ రూలు పాత పుస్తకంలో లేదు. మెర్ల్ బుర్రలో ఎన్ని పొద్దులు గీతలు గీసినా నిలవని కొత్త పుస్తకంలోంచి, ఎలా దూరిందో ఏమో, ఆ ఒక్క వాక్యం దూరింది.

డెన్నీ వేశాడు. పద్నాలుగు.

"బతికాడు" అన్నాడు మెర్ల్. "తర్వాత ఎవరిది?"

ఎవరూ కదల్లేదు. పక్కింటి మిషను ఆగింది. మెర్ల్ బల్ల చుట్టూ చూశాడు. తను చెప్పింది తప్పని అతనికి తట్టలేదు. తట్టింది వేరే. సున్నా నుంచి ఒకడు లేచి నిలబడితే ఈ బల్ల దగ్గర కప్పు పగలాలి. పక్కవాడు "పుస్తకం" అని చరిచి ఉండాలి. డెన్నీ తన బతుకు కోసం తనే లాయరులా అరిచి ఉండాలి. డెన్నీ తల దించుకుని ఉన్నాడు.

"కిందటిసారి కప్పులు ఎవరు కడిగారు?" అన్నాడు మెర్ల్.

"గుర్తు లేదు" అంది రోండా మరీ తొందరగా.

మెర్ల్ తన కప్పు చేతిలోకి తీసుకున్నాడు. తేలిగ్గా ఉంది. కాగితం కప్పు. డెన్నీ ముందున్నదీ కాగితమే. నలుగురి ముందూ కాగితం కప్పులే. ఎన్నాళ్ళుగా? కడగాల్సిన అవసరం లేనప్పుడు పింగాణీ ఎందుకని వెర్నా ఎప్పుడో మార్చేసింది. అతను అరచేత్తో బల్ల మీద చరిచాడు. కాగితం కప్పులు ఎగిరిపడ్డాయి.

"పుస్తకం!"

"నువ్వు చెప్పినదాని మీద నువ్వే ఎలా..." అని కర్టిస్ అంటుండగానే, "తియ్యి!" అన్నాడు.

తనే తెరిచాడు. పేజీ కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. దొరికాక వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు. సున్నాకి వస్తే చావు.

"డెన్నీ, నీవాడు చచ్చాడు."

"చచ్చాడు" అన్నాడు డెన్నీ.

"నీకు తెలుసు."

"తెలుసు."

"ఎవరు చెప్పారు? వెర్నాయేనా?"

పైన మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలై ఆగిపోయింది.

"మా అమ్మ దగ్గర నర్సులు చేసిన పనే చేశారు నాకు" అన్నాడు మెర్ల్. గొంతు పెంచలేదు. "వాళ్ళకి జీతమిచ్చేవాళ్ళు. మీకేం రోగం?"

రోండా ఏడుస్తోంది. కర్టిస్ ఏదో అనబోయాడు, "మేం నీకోసమే" అని. డెన్నీ అతని చెయ్యి నొక్కాడు.

మెర్ల్ పాత పుస్తకం మూసి, బల్ల మీదుగా పక్కకి తోశాడు. "కుర్రాడా, ఈ కుర్చీలోకి రా. నీ కొత్తది తీసుకురా. ఆడించు."

"మెర్ల్, అవసరం లేదు..."

"పాతదాంట్లో నేను తప్పు చెప్తే మీరు నోరు మూసుకుంటున్నారు. కొత్తదాంట్లో చెప్పేవాడివి నువ్వు. నేను ఓడితే ఓడతా. లే."

ఆ వేసవంతా కర్టిస్ నడిపాడు. కొత్త ఎడిషన్ చక్కగా, గడగడా నడిచింది. రోండా ఇప్పుడు తాళం తీయడానికి ఎవర్నీ అడగట్లేదు. మెర్ల్ డెన్నీ పక్కన కూర్చుని ప్రతిసారీ అడిగేవాడు: "ఏ పాచిక?" "ఇరవైది, ముసలోడా. ఎప్పుడూ ఇరవైదే." "ఎప్పుడూనా?" "ఎప్పుడూ." మళ్ళీ వంతు వచ్చేసరికి: "ఏ పాచిక?" కొన్ని శనివారాలు మెట్లు దిగుతూనే తిన్నగా పెద్ద కుర్చీ దగ్గరికి పోయేవాడు. కర్టిస్ లేవబోయేవాడు. "నీ కుర్చీ ఇటు" అనేవాడు డెన్నీ. మెర్ల్ గొణుక్కుంటూ వచ్చి కూర్చునేవాడు. వెర్నా, ఎవరూ చెప్పకుండానే, పింగాణీ కప్పులు మళ్ళీ కిందికి తెచ్చింది. చూసేవాళ్ళకి డెన్నీ ఒట్టి కర్కోటకుడిలా కనిపించేవాడు.

ఆకులు రాలే రోజుల్లో ఒక శనివారం, మెర్ల్ ఆడుతున్న దొంగ పాత్ర ఒక తలుపు దగ్గర చెవి పెట్టి నిలబడ్డాడు. కర్టిస్ పాచిక చూసి, "పద్దెనిమిది. అవతల గొలుసుల చప్పుడు వినిపిస్తోంది" అన్నాడు.

మెర్ల్ చెయ్యి లేచింది. బల్ల అదిరింది.

"పుస్తకం! చప్పుడు వినాలంటే ఆరు ముఖాలది. తక్కువ పడాలి."

కళ్ళు మెరుస్తున్నాయి. ఎన్నాళ్ళకో గొంతు పాత గొంతులా ఉంది. అతను చెప్పింది పాత పుస్తకంలో అక్షరం పొల్లుపోకుండా నిజం. కర్టిస్ చెయ్యి మెల్లగా పక్కనున్న పాత పుస్తకం వైపు జరిగింది. రోండా, తియ్యి తియ్యి అన్నట్టు కళ్ళతోనే సైగ చేసింది. దాన్ని తెరిస్తే మెర్ల్‌దే గెలుపు. ఎవరికీ ఏమీ నష్టం లేదు.

డెన్నీ కొత్త పుస్తకం లాక్కుని, పేజీ తిప్పి పైకి చదివాడు. "ఇరవై ముఖాలది. ఎక్కువ పడాలి." పుస్తకం మూశాడు. "నీది తప్పు. లేచి కడుగు."

"డెన్నీ!" అంది రోండా.

"చట్టం చట్టమే. లే, ముసలోడా."

మెర్ల్ ఒక క్షణం అతన్ని కొట్టేలా చూశాడు. తర్వాత అతని మొహం విప్పారింది. "దొంగ వెధవా" అన్నాడు. వేళ్ళకి కప్పుల చెవులు తగిలించుకుని మెట్లెక్కాడు. పైన కుళాయి తిప్పిన చప్పుడు వచ్చింది.

వాళ్ళు ఆట సాగించారు. తలుపు తెరిచారు, గొలుసులు వేసి ఉన్నదాన్ని విడిపించారు, అది వాళ్ళ మీదికే దూకింది. పైన నీళ్ళు పారుతూనే ఉన్నాయి. కర్టిస్ రెండుసార్లు పైకి చూశాడు. రోండా కుర్చీ వెనక్కి జరిపింది.

"కూచో. నేను చూస్తా" అన్నాడు డెన్నీ.

వంటింట్లో కడిగిన కప్పులు గట్టు మీద వరసగా బోర్లించి ఉన్నాయి. మెర్ల్ మొదటి కప్పుని తీసి మళ్ళీ సబ్బు పెడుతున్నాడు. మోచేతుల దాకా తడిసిపోయాడు. డెన్నీని చూసి, ఎవరో తెలుసుకోవడానికి కాస్త సేపు తీసుకున్నాడు.

"నేనెందుకు కడుగుతున్నా?"

"ఓడావు."

"దేంట్లో?"

"చప్పుడు వినే పాచిక. ఆరుది అన్నావు. ఇరవైది."

మెర్ల్ నురగలోకి చూస్తూ ఆలోచించాడు. "పాతదాంట్లో ఆరుదేగా?"

"పాతదాంట్లో ఆరుదే. పాతదాంట్లో నువ్వే రైటు."

"మరి?"

"మనం ఆడుతున్నది కొత్తది."

మెర్ల్ తలూపి, కప్పు కడిగి బోర్లించి, ఇంకోటి అందుకున్నాడు. నీళ్ళు చొక్కా మీదుగా కారి నేల మీద మడుగు కడుతున్నాయి. తువ్వాలు డెన్నీ భుజం పక్కనే మేకుకి వేలాడుతోంది. డెన్నీ చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని, గుమ్మంలో నిలబడి, అతను కడగడం పూర్తయ్యేదాకా ఎదురుచూశాడు.